కంచుచేప కన్ను

కాంస్యపురంలో పొద్దున్నే లేచినవాళ్ళు ముందుగా సూర్యుడికి దండం పెట్టరు. నేలకి చెవి ఆనిస్తారు. కోట అడుగున పాతాళబిలంలో పడుకున్న ఘటవక్త్రుడనే భూతం గురక పెడుతోందా లేదా అని వింటారు. పెడుతోందని రూఢి చేసుకున్నాకే పళ్ళు తోముకోవడం, పాలు పితకడం, అత్తాకోడళ్ళు పోట్లాడుకోవడం వగైరా. ఆ గురకకి ప్రతి ఇంట్లోనూ అటక మీది ఇత్తడి గిన్నెలు సన్నగా మోగుతూ ఉంటాయి. ఉయ్యాలలో పిల్లలకి అదే జోలపాట. మొగుడు గురక పెడుతున్నాడని పుట్టింటికి వెళ్ళి చెప్పుకున్న ఆడది ఆ రాజ్యం పుట్టాక ఒక్కతీ లేదు.

ఆ అమావాస్యనాడు మాత్రం గిన్నెలు మోగలేదు.

గురక ఆగిపోలేదు గానీ చిక్కిపోయింది. ఒక ఊపిరికీ మరో ఊపిరికీ మధ్య ఎడం పెరిగింది. ఆ ఎడంలో అంగడి వీధిన నడిచేవాళ్ళు ఎత్తిన కాలు ఎత్తినట్టే నిలబడిపోయి, కింద నుంచి మళ్ళీ బుస్సుమని వినపడ్డాకే దించుతున్నారు. కాకులు కోట వైపు రావడం మానేశాయి. నూతుల్లో నీళ్ళు గోరువెచ్చగా వస్తున్నాయి.

ప్రతి అమావాస్యకీ పొద్దు గూకేలోగా ఒక తొట్టెడు యవసుర రాతికాలువ వెంట భూతం నోట్లోకి వదలడం ఆ రాజ్యపు ఆచారం. యవల్ని మొలకెత్తించి, ఎండబెట్టి, విసిరి, వేడినీళ్ళలో నానేసి, అందులోంచి దిగిన తియ్యనీటిని పులియబెడితే వచ్చేదే యవసుర. అది చిక్కగా ఉంటే భూతం మళ్ళీ అమావాస్య దాకా లేవదు. కొంతకాలంగా సుర పలచబడుతూ వచ్చింది. ఆస్థాన సురాకారుడు వల్లభుడు యవలు కాజేస్తున్నాడని రాజగురువు కరాళగుప్తుడు తేల్చాడు. ఉదగ్రసేన మహారాజు తల ఊపాడు. ఆ మహారాజు చేసే రాజకార్యాల్లో తల ఊపడమే ముఖ్యమైనది. దాంతో వల్లభుణ్ణి వెదురుబుట్టలో కూర్చోబెట్టి, సరిగ్గా ఘటవక్త్రుడి నోటికి పైన వేలాడదీశారు. ఈ సాయంత్రం సుర చిక్కగా దిగితే బుట్ట పైకి లాగుతారు. పలచగా దిగితే భూతం నంజుకోవడానికి వల్లభుడు సిద్ధంగా ఉంటాడు.

ఈ పూట సుర దించే బాధ్యత నెత్తిన వేసుకుని పశ్చిమద్వీపం నుంచి శంఖపాలాచార్యుడనే మహానుభావుడు వచ్చాడు. బొడ్డు దాకా నెరిసిన గడ్డం, పళ్ళెమంత తలపాగా, గుమ్మంలో పట్టీపట్టని బొజ్జ. ఆయన కోటద్వారం దగ్గర గొంతు సవరించుకోగానే భటులు పక్కకి తప్పుకున్నారు.

ఆ గడ్డం చమరీమృగం తోక. దాన్ని అంటించింది తుమ్మ జిగురుతో. ఆ బొజ్జ కొత్త యవల ఊక కూరి కుట్టిన దిండు. వాటి వెనకాల ఉన్నది వల్లభుడి భార్య పింగళిక. తను ఇన్నేళ్ళుగా చెప్పిన మాటలకి ఇంట్లో ఒక్కరూ చెవి ఒగ్గలేదు. అవే మాటలు గడ్డం లోంచి వస్తుంటే కోటంతా తలలూపుతోంది. ఇది తెలిసి ఉంటే పెళ్ళైన మర్నాడే పెట్టుకునేదాన్ని కదా అని లోలోపల నవ్వుకుంది పింగళిక.

సురాగారంలో అడుగు పెట్టగానే ఆ చిన్న నవ్వు కూడా ఆరిపోయింది.

ఆ శాల మధ్యలో, నల్లరాతి పీఠం మీద, ఏనుగు కూర్చున్నట్టు ఒక బంగారు గంగాళం. దాని అంచున హంసల బారు, హంసల కింద తామరల వరస, తామరల మధ్య కెంపులు పొదిగిన తుమ్మెదలు. నడుము చుట్టూ గంధర్వకన్యలు వీణలు పట్టుకుని కొలువు తీరారు. తియ్యనీరు దిగే తూముకి మకర ముఖం, ఆ మకరానికి నీలమణుల కళ్ళు. లోపల వడపోతకి బంగారు సిబ్బి, దానికి సూదిమొనంత చిల్లులు. కింద మాత్రం పెద్ద కడుపు. పక్కనే తెరిచిన పాతాళబిలం మూతి. అందులోంచి కుళ్ళిన కట్టెల వాసన వేసే వేడిగాలి పైకి తన్నినప్పుడల్లా గంగాళం మీది గంధర్వకన్యల ముఖాలకి చెమట పడుతోంది.

పింగళిక బిలం అంచుకి వెళ్ళి తొంగి చూసింది. మోకు చివర, బాగా కిందుగా, బుట్ట గాలికి ఊగుతోంది. అందులో ఒక తలపాగా కనిపించింది. పిలవడానికి నోరు తెరిచి మూసేసింది.

"తొందరపడకండి ఆచార్యా. ఆ మోకు పాతది."

వెనక్కి తిరిగితే కరాళగుప్తుడు. సన్నగా, పొడుగ్గా, ఎండిన వేపపుల్లలా ఉన్నాడు. ఆయన నడిచి వస్తుంటే గోడ మీది దివిటీల మంటలు ఆయనకి ఎదురు వైపుకి వంగాయి.

"మా గంగాళం ఎలా ఉంది? దొంగ వల్లభుడి పాత మట్టితొట్టి పగలగొట్టించి, కొన్ని అమావాస్యల కిందట నేనే దగ్గరుండి పోత పోయించాను."

"కళ్ళు చెదురుతున్నాయి గురువర్యా. ఇంత అందమైన గిన్నెలో వంట కుదురుతుందో లేదో చూడాలి."

కరాళగుప్తుడు పెదవులు సాగదీశాడు. దాన్ని నవ్వంటారని ఆయనకెవరో చెప్పినట్టుంది. "కుదరకపోతే మా దగ్గర బుట్టలకి కొరత లేదు" అని చెప్పి వెళ్ళిపోయాడు.

ఆయన కనుమరుగు కాగానే పింగళిక పెరట్లోకి పరుగెత్తింది. పోయిన అమావాస్య నాటి పిప్పి అక్కడ గుట్టగా ఎండి ఉంది. గుప్పెడు తీసి నలిపింది. గింజలు వేళ్ళ మధ్య గులకరాళ్ళలా జారాయి. ఒకటి పంటి కింద పెట్టి కొరికితే లోపల తెల్లటి పిండి, పొడిపొడిగా, తియ్యగా. నీళ్ళు దాని గడపైనా తొక్కలేదు. మొలకలోని తీపి మొలకలోనే ఉండిపోయింది.

తిరగలి దగ్గర కాళ్ళు చాపుకుని ఆకువక్క నములుతోంది సింగమ్మవ్వ. కోటలో విసిరేది ఆవిడే.

"అవ్వా, ఈ రాయి ఇంత పైకి లేచిందేం? మధ్యలోంచి ఎలక దూరి వెళ్ళేట్టుంది."

"అదా నాయనా. నడిమి మేక్కి గుడ్డచుట్టలు ఎక్కువ తొడిగించారు గురువుగారు. మెత్తగా విసిరితే బంగారు సిబ్బి పూడుకుంటదంట. బంగారం సుకుమారం గదా, మనకేం తెలుసు."

పింగళిక పైరాయి ఎత్తించి, మేకుకి తొడిగిన గుడ్డచుట్టలు ఒక్కొక్కటే పీకి అవతల పారేసింది. కోపంలో చివరిది కూడా పీకేసింది. రాయి మీద రాయి కరుచుకుంది. సింగమ్మవ్వ పిడి పట్టి తిప్పితే తెల్లటి పిండి పొగలా లేచింది.

"రొట్టెలు చేత్తారా ఏంది ఆచార్యులవారూ?" అంది అవ్వ తుమ్ముతూ.

కింద గురక ఆగింది. చాలాసేపటికి ఒక బుస్సు. దాని వెనకే, నాలుక పెదాలు తడుముకున్న చప్పుడు.

"కానీ అవ్వా, కానీ!"

ఒక బస్తా మాత్రం మిగిల్చి తక్కిన మొలకలన్నీ పిండయ్యాయి. గంగాళంలో వేడినీళ్ళు పోయించింది. వేలు పెడితే చుర్రుమనాలి, కానీ కేక రాకూడదు. యవసురకి అదీ వేడి. పిండి వేసి తెడ్డుతో కలిపింది. బంగారమేమో వేడిని పట్టి ఉంచే రకం కాదు, చూస్తుండగానే చల్లారిపోతోంది. పాత మట్టితొట్టయితే గోనె కప్పి వదిలేస్తే సరిపోయేది.

"ఓ నాయకా, మీ భటుల కంబళ్ళు పట్టుకురా. రాజుగారి శాలువా ఉంటే అదీ తే."

కాపలా నాయకుడు రణగంభీరుడు పేరుకి తగ్గట్టు మీసాలైతే పెంచాడు. "శాలువా గంగాళానికా స్వామీ?"

"గంగాళానికి జలుబు చేస్తే కిందాయనకి మెలకువ వస్తుంది. ఆ తరవాత నువ్వే వెళ్ళి జో కొట్టాలి."

శాలువాలు వచ్చాయి. గంగాళం పురిటిగదిలో బాలింతలా ముసుగు తన్నుకుని కూర్చుంది. పాకం నానేసరికి పొద్దు ధ్వజస్తంభం వెనక్కి వాలింది. పింగళిక మకరతూము బిరడా తీసింది.

ఒక చుక్క పడింది. కాస్సేపటికి మరొకటి. ఆ తరవాత మకరం నోరు ఎండిపోయింది.

ఆమె తెడ్డు దించి చూసింది. తెడ్డు నిలబడిపోయింది. గంగాళం నిండా సంకటి. మెత్తటి పిండి సిబ్బి చిల్లులన్నిటినీ సున్నం కొట్టినట్టు మూసేసింది. తీపి అంతా ఉంది, ఒక్క చుక్క కిందికి దిగే దారి లేదు.

గింజ పగలాలి గానీ దాని పొట్టు నలగకూడదు. గింజ చుట్టూ ఉన్న ఆ పొట్టే కదా అసలైన జల్లెడ! పొట్టు పరుపులా అడుగున పరుచుకుంటేనే నీరు దాంట్లోంచి దారి చేసుకుంటుంది. ఈ మాట మీదే వల్లభుడితో ఎన్నిసార్లు గొడవ పడిందో. అలాంటిది ఇవాళ తనే తిరగలి రాళ్ళు కరిపించింది.

"సంకటి బ్రహ్మాండంగా కుదిరింది" అంది చెవి పక్కన ఒక గొంతు. కరాళగుప్తుడు ఎప్పుడొచ్చాడో దివిటీలకే తెలుసు. "ముద్దలు చేసి తినిపిస్తారా ఆచార్యా? పొద్దు అట్టే లేదు. నేను వెళ్ళి మహారాజుగారిని తీసుకొస్తాను. మీ చేతివాటం చూడాలని వారికి ఎంతో కోరిక."

కింద నుంచి లేచిన ఆవులింతకి శాల కప్పు మీది పెంకులు గలగలమన్నాయి. బుట్టలోంచి ఎవరో దేవుణ్ణి తలుచుకోవడం సన్నగా వినిపించింది. పింగళికకి ఆ గొంతు తెలుసు. పెళ్ళయ్యాక ఆ గొంతు దేవుణ్ణి తలుచుకోవడం ఇదే మొదలు.

ఊక కావాలి. ఇప్పుడు, ఇక్కడ, బస్తాడు ఊక.

చూపు తన బొజ్జ మీద పడింది.

"నాయకా! అటు తిరగండి అందరూ. పశ్చిమద్వీపపు రహస్యమంత్రం ఇది. చూసిన కళ్ళు పేలిపోతాయి."

భటులు కళ్ళు మూసుకుని గోడకి అతుక్కుపోయారు. పింగళిక చొక్కా ఎత్తి, తిరగలి దగ్గరి కొడవలితో దిండు కడుపు చీల్చింది. ఊక జలజలా గంగాళంలో పడింది. సింగమ్మవ్వ నములుతున్న వక్క మింగేసింది.

"ఇంతసేపూ కడుపులో ధాన్యమే పెట్టుకు తిరుగుతున్నారా నాయనా?"

"అవ్వా, తరవాత నవ్వుకుందువు గాని. మేకుకి ఒక్క చుట్ట తొడుగు. ఒక్కటే. ఆ మిగిలిన బస్తా విసురు. గింజ రెండుమూడు చెక్కలవ్వాలి, పొట్టు మాత్రం పొట్టులాగే ఉండాలి."

తిరగలి చప్పుడు ఈసారి మారింది. కరకరలాడుతూ రవ్వా పొట్టూ పడ్డాయి. అదీ గంగాళంలో చేరింది. మళ్ళీ వేడినీళ్ళు. పింగళిక తెడ్డు రెండు చేతులా పట్టి అడుగు దాకా పోనిచ్చి కలియబెట్టింది. ఆవిరికి తుమ్మ జిగురు కరిగి గడ్డం సగం ఊడి వేలాడింది. ఊక కిందికి దిగేదాకా కదపకుండా ఆగింది. అలా ఆగడమే అన్నిటికన్నా కష్టమైంది. పొద్దు కోటగోడని తాకింది.

బిరడా తీసింది. ముందు బురదలా వచ్చింది. దాన్ని గిన్నెలో పట్టి, పరుపు చెదరకుండా తెడ్డు మీంచి జారవిడుస్తూ మళ్ళీ పైనే పోసింది. రానురాను నీరు తేరుకుని తేనె రంగుకి తిరిగింది. మకరం నోట్లోంచి వేలెడు లావు ధార ఆగకుండా కింద పెట్టిన సురతొట్టిలోకి దూకింది.

"చేపని తీసుకురండి!"

రణగంభీరుడు కళ్ళు తెరిచి వెండిపళ్ళెంలో కంచుచేపని తెచ్చాడు. కాంస్యపురం నమ్మేది మనుషుల్ని కాదు, ఆ బోలు చేపని. తియ్యనీరు చిక్కనైన కొద్దీ అది పైకి తేలుతుంది. కన్ను నీటి పైకి వచ్చిందా, సురకి బలం ఉన్నట్టు. కన్ను మునిగిందా, సురాకారుడు మునిగినట్టు. వల్లభుడి చేతి సురలో వరసగా మునుగుతూ వచ్చింది ఆ కన్నే.

పింగళిక చేపని తొట్టిలో వదిలింది. అది ఒక్కసారి మునిగి, తేలి, అటూ ఇటూ ఊగి, రెక్కలతో సహా పైకి వచ్చి నిలబడింది. కంచు కన్ను ఆమెనే చూసింది.

"తేలింది" అన్నాడు రణగంభీరుడు. "కానీ స్వామీ, తొట్టి సగమే."

నిజమే. ధార సన్నగిల్లి ఆగిపోయింది. తొట్టి లోపల సింహం గుర్తు దాకా నిండితే గానీ భూతానికి చాలదు. పోసిన నీళ్ళెన్ని, వచ్చినవెన్ని? పింగళిక తెడ్డు వెనక్కి తిప్పి గంగాళాన్ని పై నుంచి కిందికి తట్టుకుంటూ వచ్చింది. మకరానికి పైన ఖంగుమంది. మకరానికి కింద థప్పుమంది. నీళ్ళున్న కుండ చప్పుడు అది. సిబ్బి కింద ఆ పెద్ద కడుపంతా చిక్కటి నీటితో నిండి ఉంది. దాన్ని వదిలే తూము మాత్రం ఎక్కడో ఎత్తున ఉంది. ప్రతిసారీ సారమంతా ఆ గోతిలోనే ఉండిపోతోంది!

"నాయకా, అందరూ పట్టండి. ఈ పక్కకి వంచుదాం. అవ్వా, నీ తిరగలి పైరాయి దొర్లించు, అడుగున పెడదాం."

"గురువుగారి బంగారం స్వామీ..." అని రణగంభీరుడు నసిగాడు.

కింద గొంతు సవరించుకున్న చప్పుడైంది. అంతే, ఎవరూ చెప్పకుండానే అందరూ పట్టారు. కంబళ్ళు జారిపోయాయి, గంధర్వకన్యలు పక్కకి ఒరిగారు. మకరం నోట్లోంచి బెల్లంపాకంలాంటి నల్లటి ధార బుడబుడా పోటెత్తింది. తొట్టిలో నీరు సింహం గుర్తుని తాకి దాటింది.

అప్పుడు కనిపించింది, ఎత్తిన గంగాళం అడుగున. బిరడా బిగించిన మరో తూము. దానికి సరిపోయే గొట్టం ఒకటి పీఠంలోంచి పాము నోరులా పైకి చూస్తోంది. ఇన్నాళ్ళూ ఆ పాము తాగేస్తూ వచ్చిందన్నమాట, వల్లభుడు దించిన సారమంతా. దొంగ దొరికాడు! పింగళిక తలపాగా విప్పి, ఆ పాము నోట్లో కుక్కి, పిడికిలితో గట్టిగా దిగ్గొట్టింది. తన చేతి కిందికి వచ్చిన సరుకు ఒక్క చుక్క వృథా పోయిందంటే ఆమెకి రెండురోజులు అన్నం సయించదు.

నడుముకి కట్టుకున్న కొమ్ముబుర్రలోంచి, పులియబెట్టే మెరుపు కిణ్వం చిటికెడు తీసి తొట్టిలో జల్లింది. మామూలుగా రోజులకి రోజులు పట్టే పులుపు నురగలు కక్కుతూ అన్నం ఉడికేంత సేపట్లో పొంగి అణిగింది. పొద్దు చివరి గీత కోటగోడ మీద ఉండగా రాతికాలువ తలుపు ఎత్తింది.

యవసుర ఉరుకుతూ బిలంలోకి దిగింది. గుటక. మరో గుటక. ఒక పెద్ద నిట్టూర్పు. తరవాత ఏమీ లేదు. మోకు కూడా ఊగడం మానేసింది.

అప్పుడు మొదలైంది గురక. ముందు పిల్లిలా, తరవాత రథంలా, ఆ తరవాత సముద్రంలా. కాంస్యపురంలో ఇంటింటా అటకల మీద గిన్నెలన్నీ ఒక్కపెట్టున మోగాయి. వీధుల్లో జనం ఎత్తిన కాళ్ళు దించి కేరింతలు కొట్టారు.

"లాగండి బుట్ట!"

గిలక కిర్రుమంది. భటులు మోకు లాగుతుంటే బుట్ట గురక గాలికి ఊగుతూ మెల్లమెల్లగా పైకి వచ్చింది. ఇంకా మనిషెత్తు లోతు ఉండగానే వల్లభుడు తల ఎత్తి, తలపాగా లేని, బొజ్జ లేని, సగం గడ్డం మాత్రం మిగిలిన పశ్చిమద్వీపాచార్యుణ్ణి తేరిపార చూశాడు.

"ఏమే, ఆ గడ్డం నీకు నప్పలేదు."

"భూతం నోటి దాకా వెళ్ళొచ్చినా వంకలు పెట్టడం మానవు కదా! చెయ్యి ఇవ్వు ముందు."

"ఆగండి!"

శాల గుమ్మంలో కరాళగుప్తుడు. గురక విని, మహారాజుని దారిలోనే వదిలేసి ఒంటరిగానే వచ్చాడు. దివిటీలు మళ్ళీ ఎదురు వైపుకి వంగాయి. భటుల చేతులు మోకు మీదే బిగుసుకుపోయాయి. అయితే ఆయన బుట్టని చూడలేదు. ఊడిన గడ్డాన్నీ చూడలేదు. ఒరిగిన గంగాళాన్ని చూశాడు, దాని కింద గొట్టంలో కుక్కిన తలపాగా గుడ్డని చూశాడు.

"ఆ తూముకి ఎంత వదిలావు?" అన్నాడు.

పింగళిక నడుం మీద చెయ్యి వేసుకుంది. "ఒక్క చుక్క వదల్లేదు. ఇన్నాళ్ళూ దొంగచాటుగా తాగింది చాలు."

"తాగింది నేననుకున్నావా?" రాజగురువు తిరగలి రాయి మీద కూలబడ్డాడు. ఆయన కూడా భయపడగలడని సురాగారం మొదటిసారి చూసింది. "పిచ్చిదానా! ఈ ఊరంతా నేలకి చెవి ఆనించి వినేది మొగుడి గురక. పక్క గుహలో పెళ్ళాం ఉంది. ఆమె గురక పెట్టదు. అందుకే ఎవరికీ తెలీదు. ఇంకొక్క అమావాస్య ఆగితే ఆమె నా మంత్రానికి కట్టుబడేది. ఆ ఒక్కదాన్ని గుప్పిట్లో పెట్టుకుంటే ఏ మహారాజూ నాకు అక్కర్లేకపోయేది. అందాకా నిద్రపుచ్చడానికే ఆ తూము."

సింగమ్మవ్వ ఖాళీ బస్తాలు ఒక్కొక్కటే దులిపి చూసింది. రాలిన దుమ్ములో గింజ లేదు.

పాము నోట్లో కుక్కిన గుడ్డ ఒకసారి లోపలికి పీల్చుకుపోయింది. మళ్ళీ పైకి ఉబ్బింది. మళ్ళీ లోపలికి. నేల కింద, బిలానికి ఎడమ పక్కన, రాతి మీద రాయి జరిగిన చప్పుడైంది. ఆ తరవాత గొట్టంలోంచి నిద్రమత్తు గొంతు ఒకటి, చాలా ఏళ్ళుగా మాట్లాడనట్టు బొంగురుగా, చాలా ఏళ్ళుగా కాపరం చేసినట్టు విసుగ్గా వినిపించింది.

"ఏమండీ... మీరొక్కరే తాగారా?"

గురక సగంలో ఆగింది.

కాంస్యపురంలో మోగుతున్న గిన్నెలన్నీ ఒక్కసారిగా ఊరుకున్నాయి. బిలంలో ఊగుతున్న బుట్ట నిలిచిపోయింది. వల్లభుడు చాచిన చెయ్యి పింగళిక వేళ్ళకి జానెడు దూరంలో ఉంది. అతను తల వంచి కిందికి చూశాడు.

"పింగళికా," అన్నాడు గొంతు బాగా తగ్గించి, "ఇక్కడ కళ్ళు తెరుచుకున్నాయే."